వెస్ట్‌మాలె తరహా డుబ్బెల్: 20 లీటర్ల మఠం బీరు ఇంట్లో తయారుచేసే పద్ధతి

బెల్జియం మఠాల బీరు అనగానే చాలామంది ఊహ తాళపత్రాల మీదికీ, ఎవరికీ చెప్పని మూలికల మీదికీ పోతుంది. అక్కడి వెస్ట్‌మాలె మఠం చేసే డుబ్బెల్ అనే ముదురు రంగు బీరులో ఉండేవి నీళ్లు, బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన గింజలు), చక్కెర, హాప్స్ (చేదునిచ్చే పూలు), ఈస్ట్ మాత్రమే. అందులో తగిలే ఎండుద్రాక్ష, అరటిపండు, లవంగం వాసనలు ఎవరూ వేసినవి కావు. కొంత ముదురుగా కాచిన చక్కెర పాకం ఇస్తుంది, మిగతాది ఈస్ట్ పుట్టిస్తుంది. ఆ ఈస్ట్‌నే వెస్ట్‌వ్లెటెరెన్ మఠం కూడా తెచ్చుకుని వాడుతుంది. అయితే వెస్ట్‌మాలెలో పులిసే బీరును దాదాపు 20 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతారు, వెస్ట్‌వ్లెటెరెన్‌లో 28 దాకా వెళ్లనిస్తారు. ఈస్ట్ ఒకటే అయినా బీర్లు వేరు. కాబట్టి కొలతలు ఎంత కచ్చితంగా ఉన్నా థర్మామీటర్ చూడనివాళ్లకు డుబ్బెల్ కుదరదు.

ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లోనే ఇస్తున్నాం.

మొదలుపెట్టేముందు చట్టం సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం ఎక్సైజు చట్టాల కింద నేరం. సొంత వాడకానికి చేసుకోవడాన్ని చట్టం ఒప్పుకునే దేశాల్లో ఉన్న తెలుగువాళ్ల కోసమే ఈ వ్యాసం. అమెరికాలో 1978లో సంతకమైన ఫెడరల్ చట్టం ప్రకారం ఇంట్లో పెద్దవారు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉంటే 200 గ్యాలన్లు చేసుకోవచ్చు. అమ్మకూడదు. రాష్ట్రాల నిబంధనలు విడిగా చూసుకోండి.

ఈ బీరు ఎక్కడిది

సన్యాసులు తమ చేతి కష్టంతోనే బతకాలని 6వ శతాబ్దంలో సెయింట్ బెనెడిక్ట్ రాసిన నియమావళి చెబుతుంది. చీజు, రొట్టె, బీరు ఆ కష్టంలో భాగాలే. సుమారు 820 నాటి సెయింట్ గాలెన్ మఠం నమూనా చిత్రంలో బీరు తయారీకి మూడు వేర్వేరు చోట్లు గీసి ఉన్నాయి. ట్రాపిస్టులు ఆ నియమాన్నే మరింత కఠినంగా పాటించే శాఖ. వెస్ట్‌మాలెలో బీరు తయారీ 1836లో మొదలైంది. 1856లో అక్కడి సన్యాసులు చిక్కటి గోధుమరంగు బీరు చేశారు. 1926లో దాన్ని ఇంకాస్త ఘాటుగా మార్చారు. ఇవాళ్టి డుబ్బెల్‌కు మూలం అదే. మధ్యలో 1919లో బెల్జియం బార్లలో స్పిరిట్ల అమ్మకాన్ని నిషేధించింది. ఘాటైన బీర్లకు గిరాకీ పెరగడానికి అదొక కారణం.

సీసా మీద ఆరు పలకల ట్రాపిస్ట్ ముద్ర ఉండాలంటే బీరు మఠం గోడల లోపలే తయారవ్వాలి. సన్యాసులు స్వయంగా చేయాలి, లేదా వాళ్ల పర్యవేక్షణలో జరగాలి. వచ్చిన సొమ్ము మఠం ఖర్చులకు పోగా మిగిలింది సేవా కార్యక్రమాలకు వెళ్లాలి. లెఫ్ లాంటి 'అబ్బే' బీర్లు మఠం పేరు పెట్టుకున్న కంపెనీ బీర్లు. రుచిలో వాటికి వంక పెట్టాల్సిన పనిలేదు కానీ ఈ తేడా తెలిసి కొనడం మంచిది. మనం ఇంట్లో చేసేది ఆ రెండూ కాదు, డుబ్బెల్ పద్ధతిలో చేసిన బీరు, అంతే.

బవేరియాలో 1516 నాటి శుద్ధి చట్టం బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప వేరేది వేయకూడదంది. బెల్జియానికి అలాంటి కట్టుబాటు లేదు. అందుకే బవేరియాలోని ఆండెక్స్ మఠం చేసే డొపెల్‌బాక్ బీరు నిండుగా, మాల్ట్ తీపితో ఉంటే, వెస్ట్‌మాలె డుబ్బెల్ ఘాటుగా ఉండి కూడా నోట్లో తేలిగ్గా దిగుతుంది. ఆ తేలికదనం చక్కెర వల్ల వచ్చింది. చక్కెర వేయడం ఖర్చు తగ్గించుకునే కక్కుర్తి అనుకుని మాల్టే పెంచేవాళ్లకు బరువైన, తియ్యటి, ఒక గ్లాసుతోనే మొహం మొత్తే బీరు వస్తుంది.

కావలసినవి

పులియబెట్టే పాత్రలో 20 లీటర్లు మిగిలేలా లెక్క ఇది. మాల్ట్ నుంచి 72 శాతం రాబడి (అందులోంచి దిగగల చక్కెరలో మనకు దక్కే భాగం) వస్తుందని అనుకున్నాం.

- పిల్స్‌నర్ మాల్ట్ 4.2 కిలోలు (బెల్జియందైతే మేలు)
- మ్యూనిక్ మాల్ట్ 500 గ్రాములు
- స్పెషల్ బి మాల్ట్ 200 గ్రాములు
- పంచదార 550 గ్రాములు, ముదురు పాకం కోసం
- స్టిరియన్ గోల్డింగ్స్ హాప్స్ 35 గ్రాములు, ఆల్ఫా (చేదునిచ్చే ఆమ్లం) 5 శాతం
- సాజ్ హాప్స్ 15 గ్రాములు, ఆల్ఫా 3.5 శాతం
- ఈస్ట్: వైయీస్ట్ 3787 లేదా వైట్ ల్యాబ్స్ డబ్ల్యూఎల్‌పి 530. పొడి ఈస్ట్ అయితే సాఫ్‌ఏల్ బీఈ-256 లేదా లాల్‌బ్రూ అబ్బే ఒక ప్యాకెట్
- సీసాల్లోకి పంచదార 145 గ్రాములు

మొదటి గ్రావిటీ (నీటితో పోల్చిన సాంద్రత) 1.064, చివరిది 1.011 లేదా 1.012, ఆల్కహాలు 7 శాతం, చేదు 20 ఐబీయూ (చేదును కొలిచే ప్రమాణం) దరిదాపుల్లో రావాలి.

కాచడానికి 35 లీటర్ల స్టీలు పాత్ర, పులియబెట్టడానికి 30 లీటర్ల పాత్ర కావాలి. 23 లీటర్ల కార్‌బాయ్‌తో (ఇరుకు మూతి పెద్ద జాడీతో) సరిపెట్టుకుందామని చూడకండి. ఎందుకో కింద తెలుస్తుంది. హైడ్రోమీటర్, నమ్మదగిన థర్మామీటర్, చల్లార్చే రాగి చుట్ట, సైఫన్ గొట్టం, మూతలు బిగించే పరికరం ఇక మామూలే.

స్పెషల్ బిని 200 గ్రాములు దాటనివ్వకండి. 400 వేస్తే ఎండుద్రాక్ష వాసన పోయి మాడిన వాసన మిగులుతుంది. ధనియాలు, నారింజ తొక్క కూడా వద్దు, అవి తెల్లని గోధుమ బీరుకు చెందినవి. మఠాల్లో రోష్‌ఫోర్ మాత్రం కాస్త ధనియాల పొడి వాడుతుంది. ఉందో లేదో తెలియనంత తక్కువ.

పాకం: ముందురోజు పని

మన వంటింట్లో లేతపాకం, తీగపాకం, ముదురుపాకం తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. మిఠాయికి ఆపే చోట ఇక్కడ ఆపం, అదొక్కటే తేడా.

మందపాటి అడుగున్న గిన్నెలో 550 గ్రాముల పంచదార, 150 మిల్లీలీటర్ల నీళ్లు, 5 గ్రాముల డైఅమ్మోనియం ఫాస్ఫేట్ వేయండి. బీరు సామాన్ల షాపులో ఈస్ట్ పోషకంగా అమ్మే పొడే అది. సన్నసెగ మీద 140 డిగ్రీల దాకా తేవాలి. అమ్మోనియా ఘాటు వస్తుంది, కిటికీలు తీసి పెట్టండి. పాకం తేనెరంగు నుంచి ఎర్రగా, తర్వాత ముదురు ఎరుపులోకి తిరుగుతుంది. ఆ దశలో సెగ తగ్గించి 50 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు గరిటెతో కొద్దికొద్దిగా పోయండి. చన్నీళ్లు పోస్తే పాకం ఎగిరి చేతి మీద పడుతుంది, అదీ నూనె కంటే గట్టిగా అంటుకుంటుంది. మళ్లీ 140కి తెచ్చి, మళ్లీ నీళ్లు పోయండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే కోలా రంగు వస్తుంది. ప్రతిసారీ ఒక చుక్క చల్లారబెట్టి నాలుక మీద వేసుకోండి. ఎండుద్రాక్ష, ఖర్జూరం తగలాలి. నాలుక వెనక చేదు తగిలితే మించిపోయినట్టే. ఆ పాకాన్ని పారబోసి కొత్తది చేసుకోవడమే తక్కువ నష్టం. చివర్లో 200 మిల్లీలీటర్ల వేడినీళ్లతో పలచబరిచి సీసాలో పోసుకోండి.

ఆ పొడి ఎందుకంటే, పంచదార ఒక్కటే కాగితే వచ్చేది ఉట్టి క్యారమెల్ రుచి. నత్రజని తోడైతే రొట్టె పైపొరకు, వేగిన గింజలకు ఆ వాసన ఇచ్చే చర్యే పాకంలోనూ జరుగుతుంది. ఇంత శ్రమ వద్దనుకుంటే బెల్జియం ముదురు క్యాండీ సిరప్ 700 గ్రాములు కొనుక్కోండి. బెల్లం మాత్రం ప్రత్యామ్నాయం కాదు. అందులోని ఉప్పదనం, మడ్డి వాసన పులిశాక ఇంకా పైకి తేలతాయి.

నీళ్లు, మాల్ట్, మాష్

మొత్తం 32 లీటర్ల నీళ్లు పడతాయి. మునిసిపాలిటీ నీళ్లలో క్లోరిన్ లేదా క్లోరమైన్ ఉంటే బీరు ఆస్పత్రి వాసన కొడుతుంది. సగం క్యాంప్‌డెన్ మాత్ర నలిపి వేస్తే నిమిషాల్లో పోతుంది. ఆర్‌ఓ నీళ్లయితే 5 గ్రాముల క్యాల్షియం క్లోరైడ్ కలపండి. లేకపోతే మాష్‌కు (వేడినీళ్లలో మాల్ట్ నానబెట్టిన మిశ్రమానికి), ఈస్ట్‌కు కావలసిన క్యాల్షియం అందదు.

మాల్ట్‌ను రవ్వలా పట్టించాలి, పిండి చేయకూడదు. పొట్టు చీలి విడిగా ఉండాలి, ఎందుకంటే వడకట్టేటప్పుడు ఆ పొట్టే జల్లెడ. పిండి ఎక్కువైతే పిప్పి ముద్దలా బిగుసుకుని చుక్క కూడా దిగదు.

14.5 లీటర్ల నీళ్లను 71 డిగ్రీలకు వేడిచేసి మాల్ట్ కలిపితే మాష్ 65 దగ్గర నిలుస్తుంది. ఉండలు కట్టకుండా అట్లపిండి కలిపినట్టు అడుగునుంచి తిప్పండి. 64, 65 మధ్య 75 నిమిషాలు ఉంచాలి. ఈ వేడిలో ఈస్ట్ పూర్తిగా తినగలిగే చక్కెరలు ఎక్కువ వస్తాయి. 68కి పోతే బీరు చివర్లో తియ్యగా, మందంగా మిగిలిపోతుంది, దాన్ని ఏ ఈస్టూ బాగుచేయలేదు. పీహెచ్ 5.2 నుంచి 5.4 ఉండాలి. పిండిపదార్థం చక్కెరగా మారిందో లేదో చూడ్డానికి తెల్లపింగాణీ మీద ఒక చెంచా ద్రవం తీసుకుని అయోడిన్ చుక్క వేయండి. నల్లబడితే ఇంకో పావుగంట ఆగాలి.

మొదట దిగే రెండు మూడు లీటర్లు మట్టినీళ్లలా ఉంటాయి. నెమ్మదిగా తిరిగి పిప్పి మీదే పోయండి, తేటగా దిగేదాకా. తర్వాత 76 డిగ్రీల నీళ్లు 17 లీటర్లు పైనుంచి పోస్తూ కడగాలి. 80 దాటిన నీళ్లు పోస్తే పొట్టులోని వగరు దిగుతుంది. పాత్రలో 26 లీటర్లు పైచిలుకు చేరాలి.

కాచడం

90 నిమిషాలు, మూత లేకుండా, బాగా తెర్లేలా. పిల్స్‌నర్ మాల్ట్ లేతగా ఆరబెట్టినది కాబట్టి అందులో ఉడికిన మొక్కజొన్న వాసన ఇచ్చే పదార్థం ఎక్కువగా పుడుతుంది. అది ఆవిరితోనే పోవాలి. మూత పెడితే ఆవిరి చుక్కలై మళ్లీ లోపలే పడుతుంది.

ఇంకా 60 నిమిషాలు ఉందనగా స్టిరియన్ గోల్డింగ్స్, 15 నిమిషాలుందనగా సాజ్, 10 నిమిషాలుందనగా పాకం. పాకం వేసేటప్పుడు మంట ఆపండి, లేకపోతే అడుగున పేరుకుని మాడుతుంది. కాచడం అయ్యాక రాగి చుట్టతో అరగంట లోపే 18 డిగ్రీలకు చల్లార్చాలి. ఇక్కడి నుంచి ద్రవానికి తగిలే ప్రతి వస్తువూ స్టార్ శాన్ లాంటి క్రిమినాశక ద్రావణంలో తడిసి ఉండాలి, లీటరు నీటికి 1.5 మిల్లీలీటర్ల చొప్పున.

ఈస్ట్, వేడి

ద్రవ ఈస్ట్ అయితే ఒక ప్యాకెట్ చాలదు. రెండు రోజుల ముందే 1.5 లీటర్ల నీళ్లలో 150 గ్రాముల పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ వేసి పావుగంట కాచి, చల్లార్చి, అందులో ఈస్ట్‌ను పెంచుకోండి. పొడి ఈస్ట్‌కు ఇదేమీ అక్కర్లేదు. వోర్ట్‌ను (కాచి చల్లార్చిన మాల్ట్ ద్రవాన్ని) పాత్రలోకి పోశాక 5 నిమిషాలు గట్టిగా కుదిపి గాలి పట్టించండి. ఈస్ట్‌కు ఆక్సిజన్ కావలసింది ఈ ఒక్కసారే. తర్వాత తగిలితే బీరు తడిసిన అట్టపెట్టె రుచికి వస్తుంది.

18 డిగ్రీల దగ్గర ఈస్ట్ వేయండి. మొదటి 36 గంటలు 18, 19 దాటనివ్వకండి. పులిసేటప్పుడు పాత్రలో వేడి గది వేడి కంటే 3, 4 డిగ్రీలు ఎక్కువ ఉంటుందని గుర్తుంచుకోండి. గది 22 ఉంటే లోపల 26. కొలవాల్సింది పాత్రను, గదిని కాదు. థర్మామీటర్‌ను పాత్ర బయటి గోడకు టేపుతో అంటించి పైన స్పాంజి కప్పితే సరిపోతుంది. చల్లబరిచే ఫ్రిజ్ లేకపోతే నీళ్ల తొట్టిలో పాత్ర నిలబెట్టి, గడ్డకట్టిన నీళ్ల సీసాలు పూటకొకటి మార్చండి.

మొదటి రెండు రోజుల్లో ఈస్ట్ పిల్లలు పెడుతుంది. వాసనల్లో ఎక్కువ భాగం, తలనొప్పి తెచ్చే ఘాటు ఆల్కహాళ్లు అప్పుడే పుడతాయి. ఆ దశలో 25కి పోయిందంటే నెయిల్ పాలిష్ వాసన ఖాయం, నెలలు నిలవ ఉంచినా పూర్తిగా పోదు. ఆ దశ దాటాక లెక్క తిరగబడుతుంది. మూడో రోజుకు 20, అయిదో రోజుకు 22, 23 దాకా పోనివ్వాలి. ఇప్పుడు వేడి తగ్గితే ఈస్ట్ పని ఆపేసి అడుగుకు చేరుతుంది, గ్రావిటీ 1.020 దగ్గర ఇరుక్కుంటుంది. వెస్ట్‌వ్లెటెరెన్‌లా 28కి వదలాలన్న సరదా మొదటిసారే వద్దు. వాళ్లకు అలవాటైన పాత్రలున్నాయి, తరాల అనుభవం ఉంది.

3787కి ఒక గుణం ఉంది: వేసవిలో ఇడ్లీపిండి రాత్రికి రాత్రి గిన్నె దాటినట్టు పొంగుతుంది. అందుకే 30 లీటర్ల పాత్ర. ఎయిర్‌లాక్‌కు (గ్యాసును బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని బిరడాకు) బదులు లావుపాటి గొట్టం పెట్టి దాని చివర క్రిమినాశక ద్రావణమున్న జాడీలో ముంచండి. సన్నటి ఎయిర్‌లాక్ నురగతో పూడుకుపోతే మూత గోడకు కొట్టుకుంటుంది. ఈ నురగ కొన్నిసార్లు వారం దాకా కూలదు, అందుకని పులియడం అవ్వలేదని అనుకోకండి. కుళ్లిన గుడ్ల వాసన వచ్చినా కంగారు అక్కర్లేదు, అది దానంతటదే పోతుంది.

బుడగలు ఆగాయని అయిపోయినట్టు కాదు. హైడ్రోమీటర్ మూడు రోజుల పాటు ఒకే అంకె చూపించాలి, ఆ అంకె 1.014 కంటే తక్కువ ఉండాలి. 1.018 దగ్గర ఆగితే పాత్రను 24కి వేడిచేసి, అడుగున పడుకున్న ఈస్ట్ లేచేలా మెల్లగా తిప్పి మరో అయిదు రోజులు చూడండి.

ఆ తర్వాత 8 నుంచి 10 డిగ్రీల దగ్గర రెండు మూడు వారాలు ఉంచితే ఈస్ట్ పేరుకుని బీరు తేట పడుతుంది, అంచులు మెత్తబడతాయి. చాలామంది ఎగరగొట్టేది ఈ మెట్టునే.

సీసాల్లో రెండోసారి పులియడం

మఠాల బీరుకు ఆ చిన్న బుడగల నురగ సీసాలో జరిగే ఈ రెండో పులియడం వల్లే వస్తుంది. 19 లీటర్ల బీరుకు 145 గ్రాముల పంచదారను కప్పు నీళ్లలో కాచి చల్లార్చండి. ఖాళీ పాత్రలో ముందు ఆ పాకం పోసి, దాని మీదికి గొట్టంతో బీరు చప్పుడు లేకుండా దింపండి. చల్లటి నిలవ తర్వాత ఈస్ట్ తక్కువ మిగులుతుంది కాబట్టి 2 గ్రాముల తాజా పొడి ఈస్ట్ గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి కలపండి. దీనితో 2.8 వాల్యూముల గ్యాసు (బీరు పరిమాణానికి అన్ని రెట్లు) వస్తుంది.

మందపాటి బెల్జియన్ సీసాలే వాడండి. చివరి గ్రావిటీ నిజంగా చివరిదో కాదో ఇక్కడ బయటపడుతుంది. ఇంకా 4 పాయింట్లు (గ్రావిటీలో 0.004) పులియాల్సి ఉండగా సీసాకెత్తితే అదనంగా సుమారు 2 వాల్యూముల గ్యాసు చేరుతుంది. మామూలు సీసా దాన్ని తట్టుకోదు, పేలిన గాజుముక్క కంటికి తగలొచ్చు. మొదటి నెల సీసాలను మూత ఉన్న అట్టపెట్టెలోనే ఉంచండి.

22, 24 మధ్య మూడు వారాలు, తర్వాత 12 డిగ్రీల చీకటిగదిలో కనీసం నెలన్నర. మూడు వారాలైనా గ్యాసు రాకపోతే కారణం చాలావరకు చలే. సీసాలను వెచ్చటి చోటుకు మార్చి ఒకసారి తలకిందులు చేసి పెట్టండి. తీయగానే సీసాలు అన్నీ పొంగిపోతుంటే బీరు పూర్తిగా పులియకముందే నింపారు. ఒకటి రెండే పొంగితే ఆ సీసాలు సరిగ్గా కడగలేదు.

పోసేటప్పుడు 10 నుంచి 12 డిగ్రీలు ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగితే వాసనలు బిగుసుకుని ఉంటాయి. వెడల్పు మూతి ఉన్న గ్లాసులోకి ఒకే ధారగా వంచి పోసి, అడుగున వేలెడు బీరు మడ్డితో సహా సీసాలోనే వదిలేయండి.

ఇదే ఈస్ట్‌తో ట్రిపెల్ (లేతరంగు, మరింత ఘాటైన మఠం బీరు) చేయాలంటే

మ్యూనిక్, స్పెషల్ బి తీసేసి పిల్స్‌నర్ మాల్ట్ 5.6 కిలోలకు పెంచండి. పాకం బదులు 900 గ్రాముల మామూలు పంచదార నేరుగా వేయండి, సగం కాచేటప్పుడు, సగం పులియడం మొదలైన మూడో రోజున కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి. మొత్తం ముందే వేస్తే ఈస్ట్ సులువైన చక్కెర తిని మాల్ట్ చక్కెర దగ్గర మొరాయించే ప్రమాదం ఉంది. స్టిరియన్ గోల్డింగ్స్ 60 గ్రాములు, సాజ్ 30. మాష్‌కు 16.5 లీటర్లు, కడగడానికి 16. ఈస్ట్ పెంచే ద్రవం 3 లీటర్లు, పొడి ఈస్ట్ అయితే రెండు ప్యాకెట్లు. గ్రావిటీ 1.079 నుంచి 1.010కి దిగితే ఆల్కహాలు 9 శాతం. ఇది రంగులో లేతగా ఉంటుంది కాబట్టి తప్పులు దాగవు. డుబ్బెల్ రెండుసార్లు కుదిరాకే దీని జోలికి వెళ్లండి.